ఫిలోమినా మొదటి పాపసంకీర్తనం

శౌరిపాలెంలో ఫిలోమినా అనే తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. ఊళ్ళో ఎవరు ఏ తప్పు చేసినా ఆ పిల్లకు ఇట్టే కనపడేది, తన తప్పు మాత్రం ఎంత వెతికినా కనపడేది కాదు.

చెడ్డపిల్లేమీ కాదు. పొద్దున్నే లేచి తల్లికి నీళ్ళు తోడిపెట్టేది. పక్కింటి పసిపాపను చంకనేసుకుని వీధంతా తిప్పేది. జపాలన్నీ తడుముకోకుండా చెప్పేది. కానీ ఆ కళ్ళు ఎప్పుడూ పక్కవాళ్ళ మీదే ఉండేవి. సాయంత్రం ఇంట్లో ఐదు రహస్యాల జపమాల చెప్పుకునేటప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటే ఫిలోమినా ఒక కన్ను తెరిచి ఉంచేది. జపం అయిపోగానే మొదలుపెట్టేది.

"అమ్మా, అన్నయ్య రెండో రహస్యం దగ్గర్నుంచీ నిద్రపోతూనే ఉన్నాడు."

"నువ్వు కళ్ళు మూసుకుని ఉంటే నీకెట్లా తెలిసిందే?" అని వాళ్ళన్న అంతోని మీదికి వచ్చేవాడు.

తల్లి మార్తమ్మ నవ్వు ఆపుకుని ఇద్దర్నీ కసిరేది.

ఆ ఏడు ఫిలోమినాకు తొలి సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని మొదటిసారి అందుకోవడం. వేసవి సెలవులు ఇవ్వగానే ఊరి చర్చి అయిన శౌరివారి గుడి వరండాలో జ్ఞానోపదేశం తరగతులు మొదలయ్యాయి. చెప్పేది లూర్దమ్మ టీచర్. ఊళ్ళో సగంమందికి పరలోక జపం నేర్పింది ఆవిడే. ఫిలోమినా వాళ్ళమ్మకు కూడా ఆవిడే నేర్పింది. తాటాకు విసనకర్రతో ఒక చేత్తో విసురుకుంటూ, రెండో చేత్తో పిల్లల తలలు నిమురుతూ పాఠం చెప్పేది. ఎవరైనా అల్లరి చేస్తే అదే విసనకర్రతో నెత్తిమీద చిన్నగా ఒకటి వేసేది. దెబ్బ తగిలేది కాదు, గాలి తగిలేది.

ఒకరోజు టీచర్ పది ఆజ్ఞలూ వల్లె వేయించి, "సత్ప్రసాదం తీసుకునే ముందు ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చెయ్యాలి, అంటే పాపాలు ఒప్పుకుని చెప్పుకోవాలి. దానికి ముందు ఆత్మశోధన చేసుకోవాలి. ఆత్మశోధనంటే ఏంటో ఎవరు చెప్తారు?" అంది.

ఫిలోమినా చెయ్యి అందరికంటే ముందు లేచింది. "ఎవరెవరు ఏమేం తప్పులు చేశారో బాగా గుర్తు తెచ్చుకోవడం టీచర్!"

టీచర్ విసనకర్ర ఆగిపోయింది. "ఎవరెవరు కాదే తల్లీ. నేను. నేనేం చేశానూ అని."

"మీరేం చేశారు టీచర్?" అంది ఫిలోమినా ఆసక్తిగా.

వరండా అంతా నవ్వులే. టీచర్ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫిలోమినాకు మాత్రం అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు.

ఆ పిల్ల పక్కన కన్నిక కూర్చునేది. కన్నిక వాళ్ళ అమ్మానాన్నా హైదరాబాదులో పనిచేస్తుండటంతో అమ్మమ్మ సాలమ్మ దగ్గర పెరుగుతోంది. సాలమ్మ రోజూ గుడి ఊడ్చి, పీఠం మీద పూలు మార్చేది. కన్నిక గొంతు చిన్నది. పక్కనున్నవాళ్ళకే సరిగ్గా వినపడేది కాదు. ఇక వరండా చివరికి ఏం వినపడుతుంది? అందుకే ఫిలోమినా ఒకసారి లేచి, "టీచర్, కన్నిక ఉత్తినే పెదాలు కదుపుతోంది, దానికి ఉత్తమ మనస్తాప జపం రాదు," అని చెప్పేసింది. టీచర్ చెప్పించి చూస్తే నిజంగానే కన్నిక మధ్యలో రెండు మాటలు మింగేసింది. మరోసారి, కన్నిక గుళ్ళోకి వచ్చేముందు చెప్పుల కాళ్ళతోనే మెట్టెక్కిందని చెప్పింది. అదీ నిజమే. ఫిలోమినా చెప్పేవన్నీ నిజాలే కావడంతో టీచర్‌కు ఆ పిల్ల మాట మీద గురి కుదిరింది.

సత్ప్రసాదం ఆదివారం అనగా, ఆ వారం మొదట్లో గుంటూరు నుంచి కొవ్వొత్తుల పెట్టె వచ్చింది. తెల్లటి పొడుగాటి కొవ్వొత్తులు. లూర్దమ్మ టీచర్ ఒక్కోదానికి బంగారు రంగు కాగితం చుట్టి, దాని మీద బొమ్మ అంటించింది. కొన్నిటికి ద్రాక్షగుత్తి, కొన్నిటికి గోధుమ వెన్ను, ఒక్కదానికి మాత్రం గొర్రెపిల్ల. ఉన్ని మెత్తగా చేతికి తగులుతుందేమో అన్నట్టు ఉంది ఆ బొమ్మ.

"గొర్రెపిల్లది నాకు!" అన్నారు పిల్లలంతా ఒక్కసారే.

"ఎవరికి ఏది వస్తే అది. ఆదివారం పొద్దున చూడకుండా తీసి ఇస్తాను," అని టీచర్ పెట్టె తీసుకెళ్ళి, పీఠం వెనక ఫాదర్ గారు పూజ వస్త్రాలు వేసుకునే గదిలో బల్ల కింద పెట్టించింది. ఆ మూల ఎప్పుడూ చల్లగా, చీకటిగా ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు నీళ్ళు తాగడానికి లేచారు. ఫిలోమినా కుండ దగ్గరకు వెళ్ళినట్టే వెళ్ళి, మెల్లగా ఆ గదిలోకి దూరింది. పెట్టెను బల్ల కిందనుంచి లాగింది. చీకట్లో బొమ్మలు కనపడలేదు. పెట్టెను ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టుకుని వెతికింది. గొర్రెపిల్ల కొవ్వొత్తి దొరికింది. ఒకసారి దాని తల నిమిరింది. దాన్ని అన్నిటికంటే అడుగున, ఒక మూలకు దోపింది. టీచర్ పైనుంచి తీసి ఇస్తుంది గదా, చివర నిలబడితే అది తనకే వస్తుందని ఆ పిల్ల లెక్క.

అంతలో బయట ఫాదర్ గారి మోటారుసైకిల్ చప్పుడైంది.  పెట్టెను కిటికీలోనే వదిలేసి ఒక్క పరుగున వరండాలోకి వచ్చి, తన చోట కూర్చుని, జపం అందరికంటే గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పెట్టె సంగతే మరిచిపోయింది.

ఆ కిటికీ పడమటి వైపుది. పల్నాటి మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొద్దు వాలేదాకా అద్దంలోంచి ఎండ సూటిగా ఆ పెట్టెలోకే పడింది.

సాయంత్రం పిల్లలు ఇళ్ళకు పోతుంటే, సాలమ్మ గుడి ఊడవడానికి వచ్చి, "కన్నికా, ఆ గదిలో తలుపు వెనక చీపురుంది, పట్రా," అంది. కన్నిక లోపలికి వెళ్ళి చీపురు తెచ్చింది. ఆ తేవడం ఫిలోమినా చూసింది. అన్నీ చూసినట్టే అదీ చూసింది.

శుక్రవారం పొద్దున లూర్దమ్మ టీచర్ గదిలోంచి పెట్టె పట్టుకుని వచ్చింది. ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెట్టెను పిల్లల ముందు పెట్టింది. లోపల కొవ్వొత్తులన్నీ పొట్లకాయల్లా వంకర్లు తిరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. బంగారు కాగితాలు, గొర్రెపిల్ల బొమ్మతో సహా, ఊడిపోయి మైనంలో కూరుకుపోయాయి. ఆవిడ రెండు సాయంత్రాలు కూర్చుని చేసిన పని అది.

"ఇది కిటికీలోకి ఎట్లా వచ్చింది? ఎవరు పెట్టారు?" అంది. గొంతు కోపంగా లేదు. ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంది.

ఫిలోమినాకు అప్పుడు గుర్తొచ్చింది.  టీచర్ చూపు ఒక్కొక్కరి మీదా ఆగి ఆగి తనవైపు వస్తోంది. ఇంకో ఇద్దరు దాటితే తన దగ్గరికి వచ్చేస్తుంది. ఆ చూపు రాకముందే ఫిలోమినా నోరు తెరుచుకుంది.

"నిన్న సాయంత్రం కన్నిక ఆ గదిలోంచి రావడం నేను చూశాను టీచర్."

అందులో ఒక్క అబద్ధపు మాట లేదు.

టీచర్ కన్నిక వైపు తిరిగింది. "వెళ్ళావా అమ్మా?"

"వెళ్ళాను టీచర్... చీపురు కోసం..."

"పెట్టె తీశావా?"

"లేదు టీచర్," అంది కన్నిక. ఎప్పటిలాగే ఆ మాట ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

"ఏంటీ?"

కన్నిక మళ్ళీ చెప్పబోయింది. గొంతు రాలేదు. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. పిల్లలు గుసగుసలాడారు. ఒకడు, "గొర్రెపిల్ల కోసం తీసుంటుందిలే," అన్నాడు.

"నిజం చెబితే ఎవరూ ఏమీ అనరమ్మా," అంది టీచర్ నెమ్మదిగా.

ఆ మాటతో కన్నిక లేచి నిలబడింది. ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు. కాలే నేల మీద పరిగెత్తుతూ పోతున్న ఆ పిల్లను ఫిలోమినా చూసింది. 'నేను చూసిందే చెప్పాను. చేసిందనీ చెయ్యలేదనీ అనలేదు గదా,' అని లోపల అనుకుంది. ఆ మాటే పదేపదే అనుకోవాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం టీచర్ ఇంట్లో తల్లులంతా చేరారు. కొవ్వొత్తుల్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక పీటల మీద అరచేత్తో చపాతీ కర్రల్లా దొర్లించారు. కొన్ని తిన్నగా వచ్చాయి. కొన్నిటికి ఎంత దొర్లించినా నడుము వంపు పోలేదు. "ఏం ఫర్వాలేదు, వెలిగితే చాలు," అంది మార్తమ్మ. టీచర్ మాత్రం, "ఆ పిల్ల ఒక్కమాట ఒప్పుకుంటే బాగుండేది," అని పదే పదే అంది. పీట పట్టుకుని కూర్చున్న ఫిలోమినా తలెత్తలేదు.

కాసేపటికి సాలమ్మ వచ్చి గడపలో నిలబడింది. "టీచరమ్మా, నా మనవరాలు చేసుంటే నేనే నాలుగు తగిలించేదాన్ని. చెయ్యలేదంది. చెయ్యలేదంటే చెయ్యలేదంతే. అది ఇంక సత్ప్రసాదానికి రానంటోంది. ఎంత చెప్పినా వినట్లా. వాళ్ళమ్మ పంపిన గౌను ట్రంకుపెట్టెలోనే పెట్టేసింది," అని చెప్పి, సమాధానం కోసం చూడకుండా వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం పాపసంకీర్తనం. పిల్లలు గుళ్ళో వరసగా బల్లల మీద కూర్చున్నారు. కన్నిక చోటు ఖాళీగా ఉంది. ఫిలోమినా ఆ చోటు వైపు చూడకుండా ఉండటానికి చాలా తంటాలు పడింది.

పాపసంకీర్తనం చేసే చోట ఒక చెక్క జాలీ ఉంటుంది. దానికి అటువైపు ఫాదర్ మరియదాసు గారు కూర్చున్నారు. ఆయన పెద్ద మనిషి, లావుపాటి మనిషి, ఎండకు తట్టుకోలేక తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉంటారు. పిల్లలంటే ఆయనకు ప్రాణం. ఫిలోమినా వంతు వచ్చింది. మోకరించింది.

"నన్ను ఆశీర్వదించండి ఫాదర్. ఇది నా మొదటి పాపసంకీర్తనం."

"దేవుడు నిన్ను దీవించుగాక. చెప్పు తల్లీ."

ఫిలోమినా ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. "మా అన్నయ్య జపమాలలో నిద్రపోతాడు ఫాదర్. పొద్దున చద్దన్నం కుక్కకు పెట్టేసి తిన్నానని చెప్పాడు. ఇంకా..."

"ఆగాగు," అన్నారు ఫాదర్ గారు. "మీ అన్నయ్య సంగతి మీ అన్నయ్య చెప్పుకుంటాడు. నీ సంగతి చెప్పు."

"అయితే మా అమ్మ ఎదురింటి వాళ్ళను..."

"అమ్మ సంగతి అమ్మదే."

ఫిలోమినా ఆగిపోయింది. అన్నయ్యను తీసేసి, అమ్మను తీసేసి, తరగతిలో పిల్లలందర్నీ తీసేస్తే మిగిలింది ఒక్కటే. 

"ఇంకేం లేవు ఫాదర్," అంది చాలా చిన్నగా.

"సరే," అన్నారు ఆయన. పొమ్మనలేదు. "తొందరేం లేదులే. బయట ఇంకా ఎండగానే ఉంది. ఇద్దరం కాసేపు కూర్చుందాం."

జాలీ అవతల తువ్వాలు మెడ మీద కదులుతున్న చప్పుడు వినిపించింది. ఎక్కడో పిచ్చుక అరిచింది. ఫిలోమినా వేళ్ళు జాలీ చిల్లుల్లో పెట్టి తీసింది.

"ఫాదర్, ఇక్కడ చెప్పింది మీరు టీచర్ గారికి చెప్తారా?"

"చెప్పను."

"మా అమ్మకు?"

"చెప్పను."

"మేత్రాణులవారు, ఆ పెద్ద బిషప్పుగారు వచ్చి అడిగితే?"

"ఆయనకూ చెప్పను."

ఫిలోమినా ఆలోచించింది. "పోపుగారు అడిగితే?"

"పోపుగారు అడగరు. అడిగినా చెప్పను. ఇక్కడ విన్నది నాతోనే మట్టిలోకి పోతుంది తల్లీ."

ఫిలోమినాకు నమ్మశక్యం కాలేదు. తెలిసిన సంగతి సాయంత్రం దాకా దాచుకోవాలంటేనే తనకు నాలుక దురద పెడుతుంది. ఈయన ఊరందరి తప్పులూ విని, అందరికీ అట్లాగే నమస్కారం పెడుతూ, అందరి పిల్లలకూ బిస్కెట్లు పంచుతూ ఎట్లా తిరుగుతున్నాడో! ఎప్పుడైనా ఎవరినైనా చూసి, 'నీ సంగతి నాకు తెలుసులే' అన్నట్టు నవ్వాడా? ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఆ తలపుతో జాలీకి ఇంకా దగ్గరగా జరిగింది. "ఫాదర్, కొవ్వొత్తుల పెట్టె నేను తీశాను," అని మొదలుపెట్టి, ఎక్కిళ్ళ మధ్య అంతా చెప్పేసింది. గొర్రెపిల్ల సంగతి చెప్పింది. కిటికీ సంగతి చెప్పింది. చివరికి, "నేను అబద్ధం చెప్పలేదు ఫాదర్. కన్నిక నిజంగానే ఆ గదిలోంచి వచ్చింది," అంది.

"వచ్చింది," అన్నారు ఫాదర్ గారు. "నువ్వు ఆ మాట ఎందుకు చెప్పావు?"

ఫిలోమినా అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "టీచర్ నావైపు చూడకుండా," అంది.

"నీ తప్పేంటో నీకే తెలిసిపోయిందమ్మా," అన్నారు ఆయన. ఆ గొంతులో కోపం లేదు. బరువు మోస్తున్న పిల్ల చేతిలోంచి ఆ బరువు అందుకుంటున్నవాళ్ళు మాట్లాడినట్టు ఉంది. ఆమె చేత, చేసిన పాపానికి పశ్చాత్తాపపడే ఉత్తమ మనస్తాప జపం చెప్పించి, క్షమాపణ ప్రార్థన చెప్పి, ప్రాయశ్చిత్తంగా ఒక పరలోక జపం చెప్పుకోమన్నారు.

"దేవుడు నిన్ను క్షమించాడు. సందేహం పెట్టుకోకు. కానీ కన్నిక మీద పడిన మాట ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసెయ్యాలి."

"మీరు తీసెయ్యండి ఫాదర్! నా పేరు చెప్పకుండా, కన్నిక కాదు అని చెప్పెయ్యండి చాలు."

"అది కూడా చెప్పకూడదు తల్లీ."

"మరి ఎవరు చెప్తారు?"

ఫాదర్ గారు జాలీ అవతల నుంచి సిలువ గుర్తు వేసి, తర్వాతి పిల్లవాణ్ణి పిలిచారు. 

పిల్లలందరి వంతూ అయ్యాక ఆయన బయటికి వచ్చి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగుతున్నారు. లూర్దమ్మ టీచర్ దగ్గరికి వెళ్ళింది. "కన్నిక రాలేదు ఫాదర్. ఏం చెయ్యాలో తోచడం లేదు. పెట్టె తీసింది ఆ పిల్లే అంటారా?"

బల్ల దగ్గర మోకరించి ఉన్న ఫిలోమినాకు ఆ మాట వినపడింది. ఆయన నోటినుంచి ఒక్కమాట వస్తే అంతా తేలిపోతుంది. కనీసం తనవైపు ఒక చూపు చూసినా టీచర్ కనిపెట్టేస్తుంది.

ఫాదర్ గారు గ్లాసు దించారు. "ఆ పిల్ల కోసం ప్రార్థన చేద్దాం టీచరమ్మా," అన్నారు. ఫిలోమినా వైపు చూడలేదు. పక్కకు కూడా చూడలేదు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుని, వంగిన భుజాలతో మెల్లగా నడిచి వెళ్ళిపోయారు.

తన మాట ఆయన మోస్తున్నాడని ఫిలోమినాకు అప్పుడు తెలిసింది. ఆయన దింపలేడు. దింపగలిగింది తనొక్కతే.

పరలోక జపం చెప్పుకుని లేచింది. ఇంటికి పోకుండా కన్నిక వాళ్ళ ఇంటి దారి పట్టింది.

సాలమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కన్నిక పక్కన కూర్చుని పచ్చివీ పండువీ వేరుచేస్తోంది. ఫిలోమినాను చూసి ముఖం తిప్పుకుంది.

"ఎందుకొచ్చావే?" అంది సాలమ్మ.

"మామ్మా, పెట్టె కిటికీలో పెట్టింది నేను," అంది ఫిలోమినా. అనుకున్న మాటలేవీ రాలేదు. అదొక్కటే వచ్చింది. "కన్నిక కాదు. నేనే. భయమేసి కన్నిక పేరు చెప్పాను."

సాలమ్మ చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకుంది ఫిలోమినా. ముసలామె తిట్టలేదు. మనవరాలి వైపు చూసింది.

కన్నిక లేచి వచ్చి ఫిలోమినా ఎదురుగా నిలబడింది. "ఇక్కడ చెబితే ఎవరికి తెలుస్తుంది? నన్ను అందరి ముందూ అన్నావు." మొట్టమొదటిసారి ఆ పిల్ల మాట వీధి అవతలికి కూడా వినిపించింది.

ఫిలోమినా తలవంచుకుంది. ఇంతటితో అయిపోతుందని దారి పొడుగునా అనుకుంది.  "సరే. రేపు అందరి ముందే చెప్తాను. నువ్వు రావాలి. నువ్వు లేకుండా చెబితే నీకు వినపడదు గదా," అంది.

"ఏమో, వస్తానో రానో," అంది కన్నిక, మళ్ళీ మిరపకాయల దగ్గర కూర్చుంటూ.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నప్పుడు తల్లికీ చెప్పింది. మార్తమ్మ చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. నిన్నంతా తన పక్కనే కూర్చుని కొవ్వొత్తులు దొర్లించిన పిల్ల! కోపం వచ్చింది, దాని వెనకే జాలి వచ్చింది. ఎన్నాళ్ళుగానో చెల్లెలు దొరికితే ఏడిపిద్దామని చూస్తున్న అంతోని నోరు తెరిచాడు. చెల్లెలి ముఖం చూసి మూసేశాడు. కాసేపాగి, "రేపు నేను నీ పక్కన నిలబడనా?" అన్నాడు.

"వద్దన్నయ్యా," అంది ఫిలోమినా. "కానీ కనపడేచోట ఉండు."

ఆదివారం పొద్దున గుడి వరండా అంతా తెల్ల గౌనులూ తెల్ల చొక్కాలతో నిండిపోయింది. తల్లులు పిల్లల నెత్తిన ముసుగులు సర్దుతున్నారు. టీచర్ కొవ్వొత్తుల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫిలోమినా మాటిమాటికీ వీధి వైపు చూసింది. కన్నిక లేదు. 'రాకపోతే చెప్పక్కర్లేదు' అని ఒక మనసు అంది. 'రాకపోయినా చెప్పాల్సిందే' అని ఇంకో మనసు అంది. ఆ రెండో మనసు మాట విని ముందుకు నడిచింది.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో సాలమ్మ కనిపించింది. ఆమె చెయ్యి పట్టుకుని, పెట్టె మడతలు ఇంకా పోని గౌనులో కన్నిక వచ్చి గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రాలేదు.

ఫిలోమినా అంత దూరం వినపడేలా గొంతెత్తింది. "టీచర్! కొవ్వొత్తుల పెట్టె కిటికీలో పెట్టింది నేను. గొర్రెపిల్ల బొమ్మది నాకు కావాలని తీశాను. ఫాదర్ గారి బండి చప్పుడు విని వదిలేసి పారిపోయాను. కన్నిక చీపురు కోసమే వెళ్ళింది. నా మీదకు రాకూడదని కన్నిక మీద చెప్పాను."

 ఎవరో తల్లి, "అయ్యో, ఎంత పని చేసిందీ!" అంది. పిల్లలు ఒకర్నొకరు పొడుచుకున్నారు. ఫిలోమినా చెవులు మండిపోయాయి. పారిపోవాలనిపించింది. మూలనున్న అంతోని కనిపించాడు. అలాగే నిలబడింది.

లూర్దమ్మ టీచర్ మెట్లు దిగింది. అంత పెద్దావిడ గేటు దాకా నడిచి వెళ్ళి కన్నిక ముందు వంగింది. "నా తప్పు కూడా ఉందమ్మా. నువ్వు కాదంటున్నావు. నేను సరిగ్గా వినకుండానే నమ్మేశాను. నన్ను క్షమిస్తావా?"

కన్నిక తలూపింది. టీచర్ ఆ పిల్ల ముసుగు సర్ది, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. గుడి తలుపు దగ్గర ఫాదర్ గారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. "పూజకు ఇంకా టైముంది. కన్నికా, పాపసంకీర్తనానికి రా తల్లీ," అన్నారు. ఆయన ఫిలోమినా పక్కనుంచే వెళ్ళారు. వెళ్తూ ఆ పిల్ల తల మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశారు. భుజాలు నిన్నటిలా వంగి లేవు.

కాసేపటికి కన్నిక బయటికి వచ్చింది. వరసలో తన చోట, ఫిలోమినా పక్కనే నిలబడింది. టీచర్ ఇద్దరి చేతికీ చెరో కొవ్వొత్తి ఇచ్చింది. గంట మోగింది. పాట అందుకున్నారు. ముందుకు కదులుతుంటే కన్నిక కాలు గౌను అంచులో చిక్కుకుని తూలింది. పక్కన ఎవరు తూలినా మొదట టీచర్ వైపు చూసే ఫిలోమినా, ఈసారి ఎవరివైపూ చూడలేదు. చప్పున చెయ్యి పట్టుకుని ఆపింది. కన్నిక ఆ చెయ్యి వదల్లేదు. పీఠం దాకా అట్లాగే నడిచారు.

ఆ రోజు ఫిలోమినా సత్ప్రసాదం తీసుకుని వచ్చి మోకరించి రెండు కళ్ళూ మూసుకుంది. పక్కన ఎవరు కదిలారో, ఎవరు గుసగుసలాడారో ఆ పిల్లకు తెలియలేదు. "యేసయ్యా, నేను వచ్చాను," అని మాత్రం చెప్పుకుంది. అంతకంటే చెప్పడానికేమీ కనపడలేదు. ఎన్నాళ్ళ తర్వాతో మనసు తేలిగ్గా, ఊడ్చి కడిగిన వాకిలిలా ఉంది.

నీతి: మన తప్పును దాచుకోవడానికి ఎదుటివాళ్ళ గురించి చెప్పే మాట, అక్షరం అక్షరం నిజమే అయినా, దేవుని ముందు అబద్ధసాక్ష్యమే. తన తప్పును తానే ఒప్పుకుని, తన వల్ల ఎదుటివారికి పోయిన మంచిపేరును తానే తిరిగి ఇచ్చినవారికే క్షమాపణ సంతోషం పూర్తిగా దక్కుతుంది.